పొరుగింటి అడుగు

ఈ మాసమున చింతకాయ తొక్కును గూర్చి వ్రాయుదుమని పోయిన సంచికలో మాట యిచ్చియుంటిమి. సోదరీమణులు క్షమింపవలెను. తొక్కు మఱియొక నెల జాడీలో నున్నచో రుచి హెచ్చునే కాని తగ్గదు. ఈలోపల మా తుమ్మలపల్లెలో జరిగిన యొక సంగతి మా మనస్సును పట్టుకొని విడువకున్నది. అందు తప్పు మాది. కాలము గడచినకొలది ఎవరి తప్పులు వారికి ముద్దుగానే కనబడజొచ్చును గనుక, అట్లు కాకమునుపే వ్రాయదలచితిమి.

మాయూరి పేరు చెప్పగానే బయటివారు యురేనియపు గనిని గూర్చి యడుగుదురు. పులివెందులకు చేరువను, వేముల మండలమున నున్న యీ పల్లెకు గనితోపాటు చీనీతోటలును, వేరుసెనగ చేలును, ఒక చిన్న రామాలయమును కలవని చెప్పినచో వారికంతగా రుచింపదు. ఆ రామాలయము ముందర మగవారు చేత చెక్కలు, కాళ్లకు గజ్జెలు ధరించి చెక్కభజన చేయుచుండగా, ఆడువారు అరుగులమీద కూర్చుండి చూచెడివారు. ఇప్పుడు తిరునాళ్లలో ఒకేరంగు చీరలు కట్టి కోలలు పట్టిన స్త్రీల బృందములు కనబడుచున్నవి. 2015 మొదలు ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణము ప్రభుత్వ లాంఛనములతో జరుగుచుండుటచేత, ఆ పున్నమివెన్నెలలో తామును కోలలు వేయవలెనను కోరిక మాయూరి పొదుపు సంఘమువారికి కలిగెను. పగలంతయు తోటలలో పనిచేసి, రాత్రి సంగటి వండి, పిల్లలకు పెట్టి, పదునాఱుగురు స్త్రీలు తొమ్మిది గంటలకు బడి ఆవరణమునకు వచ్చుట సామాన్యమా?

మేమాడలేదు. మావారు బడిపంతులు, ఊరివారికి ఆయన అయివారు, మేము అయివారమ్మ. అయివారమ్మ వీధిలో కోలలు వేయుట బాగుండదని మేమే యనుకొంటిమి, ఇంకెవ్వరును అనలేదు. చిన్ననాడు మా నాయనగారు మాకు ఇంటివద్దనే భాగవతమును, వసుచరిత్రమును, కొంత అలంకారశాస్త్రమును చెప్పియుండిరి. ఆ సంగతి యెఱిగినవారు గనుక పాటలలోని మాటలు దిద్దుటకు మమ్ము పిలిచిరి. మాటలు దిద్దుచు దిద్దుచు మేము అడుగులను గూడ దిద్దజొచ్చితిమి. చిక్కంతయు నచ్చటనే వచ్చినది.

కోలాట మెఱుగనివారికి రెండు మాటలు చెప్పవలెను. ఆటలోని యొక్కొక్క విన్యాసమునకు కోపు అని పేరు. ఎదురెదురుగా నిలిచి కోలలు తాకించుకొనువారు ఒకరికొకరు ఉద్ది. నడిపించువారు ఈల యూదగానే ఒక కోపు విడిచి మఱియొక కోపు పట్టవలెను. చూచువారికి కోలల చప్పుడే వినబడును. ఆడువారికి మాత్రము తన ఉద్ది యెవరు, తరువాత నెవరు రానున్నారు, తానే ప్రక్కనుండి పోవలెను, ఇదియే లోకము.

మా రామాలయపు వీధి యిఱుకు. వలయముగా తిరుగుటకు చోటు చాలదు. కావున ఎనిమిది ఉద్దులను రెండు బారులుగా నిలిపి ఒక కోపు కూర్చితిమి. ప్రతివనితయు మొదట తన ఉద్దితో కోల తాకించి, పిదప ఏటవాలుగా ప్రక్కజతలోని యామెతో తాకించి, ఆ రెండు జతలును చోట్లు మార్చుకొనవలెను. ఒక జత గుడివైపునకు జరిగిన, రెండవది రచ్చకట్టవైపునకు జరుగును. అట్లు జరుగగా జరుగగా కొసకు వచ్చిన జతకు తాకించుటకు ప్రక్కజత యుండదు. వారేమి చేయవలెను? మొదటి రాత్రి దిక్కులు చూచిరి. రెండవ రాత్రి కలహించిరి. తుదకు, కొసకు వచ్చిన జత ఒక ఆవృత్తము నిలిచి తాళము వేయుచు, తమలో తాము ప్రక్కలు మార్చుకొని మరల బారులోనికి వచ్చునట్లు ఏర్పాటు చేసితిమి. అది మా బుద్ధిబలమని పొంగితిమి.

మావారు పిదప వెదకి చదివి చెప్పిన దేమనగా, జాన్ ప్లేఫర్డు అనునతడు లండను నగరమున 1651 లో ప్రకటించిన నాట్యగ్రంథమునందు, ఎందఱైనను రెండు బారులుగా నిలిచి యాడు ఆటలు పెక్కు కలవట. ఆ జాతి యాటయే అమెరికా ఈశాన్య రాష్ట్రములలో కాంట్రా అను పేర నేటికిని ఆడబడుచున్నది. అచ్చటను కొసకు వచ్చిన జంట ఒక ఆవృత్తము ఊరకుండి, ప్రక్కలు మార్చుకొని తిరిగి వచ్చును. వాద్యగాండ్ర చెంత నిలిచి, రానున్న అడుగు పేరు ముందుగా పలుకువారొకరుందురు. మనకు ఈల యెట్లో వారికి ఆ పలుకు అట్లు. వారిలో నొక మంచి అలవాటు కలదు. క్రొత్త వరుస కూర్చినవారు, దీని నిదివఱకే యెవరైన కూర్చిరా యని తోడివారిని అడుగుదురు. కూర్చినవారున్నచో ఆ పేరే నిలుపుదురు. మేమెవ్వరిని అడుగలేదు. అడిగియుండినచో ఈ మాసమున తొక్కును గూర్చియే వ్రాసియుందుము.

ఇక జడకోపు. మా బృందములోని నడివయసు ఆమె యొకతె, తన పుట్టినింటివైపు అవ్వలు ఆడిన జడకోలాటము కొంత జ్ఞాపకమున్నదని చెప్పెను. బడిలోని వేపకొమ్మకు 10 అడుగుల ఎత్తున ఒక యినుప కడియము కట్టి, దానికి ఎనిమిది త్రాళ్లు వ్రేలాడదీసితిమి. ఎవరి యింటి పాతచీర వారు నిడుపుగా చింపి పేని తెచ్చిరి. నాలుగు ఎఱ్ఱనివి, నాలుగు పసుపువి. ఒక్కొక్కటి 10 మూరలు. ఎఱ్ఱత్రాటి యామెకును ఎఱ్ఱత్రాటి యామెకును నడుమ ఒక పసుపుత్రాటి యామె, రాసమండలమున గోపికకును గోపికకును నడుమ కృష్ణుడు నిలిచినట్లు. ఎడమచేత త్రాడు, కుడిచేత కోల. ఎఱ్ఱవారు ఒకవైపునకు, పసుపువారు వారికెదురుగా తిరిగి నిలిచి, కోల తాకించి ఒకరి నొకరు దాటవలెను. మొదటి దాటునందు ఎఱ్ఱవారు లోపలినుండి, పసుపువారు వెలుపలినుండి. రెండవ దాటునందు ఎఱ్ఱవారు వెలుపల, పసుపువారు లోపల. ఇట్లే మార్చి మార్చి పోవలెను. ఒక్కొక్క దాటునకు 4 దెబ్బలు. 8 దాట్లు కాగానే ఎవరి చోటికి వారు వచ్చుదురు. 32 దెబ్బలకు పాటలో నొక చరణమును సరిగా ముగియును. మూడు చరణములకు మూడు చుట్లు, 24 దాట్లు. పైన గళ్లుగళ్లుగా చక్కని జడ దిగును. అంతట అందఱును వెనుదిరిగి, వచ్చిన దారిని పోవుచు ఆ జడను విప్పవలెను. జడకోలాటమునకు వేయుట ఒక యెత్తు, విప్పుట ఒక యెత్తు.

ఆమె జ్ఞాపకమునందు ఒక వింత యుండెను. మూడవ చరణము ముగిసి అందఱును తమ చోట్లకు వచ్చిన తరువాత, పాటలో అర్థముతో పనిలేకుండ ‘రామ రామ’ యని రెండుమారులు ఒక సాగదీత. మొదటి దానికి ప్రతివనితయు ఎదుటి యామెను దాటి ఆమె చోట నిలుచును. అచ్చట వెనుదిరిగి, రెండవ దానికి ఆ మనిషినే మరల దాటి తన చోటికి వచ్చును. అనగా ఒక పేట వేసి, వేసిన వెంటనే విప్పుట. అది చూడగానే మాలోని అలంకారశాస్త్రము మేలుకొనెను. చెప్పినదానినే చెప్పుట పునరుక్తిదోషము గదా! ‘దీనివలన జడ పెరుగదు, తరుగదు. ఊరక 8 దెబ్బలు దండుగ. ఎవరో తడబడి వేసిన అడుగు అలవాటై యుండును’ అని తీర్పు చెప్పితిమి. సెల్‌ఫోనులో దొరకిన పాటయందును ఆ సాగదీత లేదు. ఆమె కొంత తటపటాయించి, ‘మా అవ్వోళ్లు వేస్తాండ్రి గదమ్మా’ అనెను. అయివారమ్మ చెప్పిన పిమ్మట అంతకుమించి యెవరు వాదింతురు? ఆ అడుగును తీసివేసితిమి. కోపు శుభ్రమైనది, పాట శుభ్రమైనది. తుమ్మలపల్లె జడకోపు అని పేరును పెట్టుకొంటిమి.

అంతవఱకు ప్రతిరాత్రియు జడ వేయుటనే అభ్యసించి, ప్రొద్దుపోవుటచేత చేతులతో విప్పి యింటికి పోవుచుంటిమి. ఉగాది మూడుదినము లుండగా మొదటిసారి ఆసాంతము ఆడించితిమి. జడ దివ్యముగా దిగినది. ఈల యూదిరి. అందఱును వెనుదిరిగి, పల్లవి యందుకొని, కోలలు తాకించి కదలిరి. రెండు దాట్లలో త్రాళ్లు బిగిసినవి. నాలుగింటిలో ఒకరినొకరు గుద్దుకొనిరి. విప్పవలసిన జడ పిడికిలివలె ముడుచుకొనెను. ఒకామె గట్టిగా లాగగా కొమ్మ వంగి కడియము ఆమె భుజమునకు తగిలెను.

ఆ యెనమండుగురిలో నొక క్రొత్తకోడలు కలదు. పుట్టినిల్లు ప్రొద్దుటూరు, తండ్రి మగ్గము నేయువాడు. వచ్చి ఆఱునెలలు కాలేదు. ‘అందరం లోపల పోతాంటే నువ్వొకదానివే బయటికి వస్తివి’ అని ప్రక్కనున్నవారందఱు ఆమెమీద పడిరి. అది నిజమే; మేమును చూచితిమి. ఆమె మెల్లగా, ‘నేను సరిగ్గానే పోయినానక్కా’ అని యేదో చెప్పబోయెను. అరుగుమీద కూర్చున్న అత్తగారు, ఇంటిలో పనియును ఇట్లే యుండునని అందఱు వినునట్లు అనెను. ఆ పిల్ల త్రాడు క్రింద పెట్టి, కోలను గోడకు చేర్చి, చీకటిలో ఇంటికి పోయెను. మఱునాడు రాలేదు. ‘మా పిల్లకు చేతగాదు, ఇంకొకరిని పెట్టుకోండి’ అని కబురు వచ్చినది. మేమేమియు అనలేదు. ఎవరిని పెట్టుకొందుమా యని ఆలోచించుచుంటిమి, అంతియే.

త్రాళ్లు మరల పనికివచ్చునట్లు విప్పుదమని ఆ చిక్కుజడను కడియముతో సహా ఇంటికి తెచ్చియుంటిమి. వంట ముగించి పంచలో దీపము క్రింద కూర్చుండి, పై కొసనుండి చూచుచు వచ్చితిమి. జానెడున్నర పొడవున ఎఱుపును పసుపును గళ్లు తప్పక చక్కగా నల్లుకొన్నవి. అచ్చట హఠాత్తుగా నల్లిక మారినది. ఒకే మట్టమున మూడుచోట్ల ఎఱ్ఱత్రాడును పసుపుత్రాడును ఒకదాని నొకటి పూర్తిగా చుట్టుకొన్నవి. ఒక్కరు తప్పినచో ఒక్కచోట తప్పవలెను గాని మూడుచోట్ల నేల? నాలుగవచోట చుట్టు లేదు. అచ్చటి ఎఱ్ఱత్రాటికి ఆకుపచ్చని అంచు కలదు. ఆ అంచు ఎవరి చీరదో మాకు తెలియును. చేతిలోని జడను చాల సేపటివఱకు క్రింద పెట్టలేకపోతిమి.

మావారిని లేపితిమి. ఆయన సుద్దముక్కతో నేలపై వలయము గీచి, గురివిందగింజలు నాలుగు, చింతపిక్కలు నాలుగు మార్చి మార్చి పెట్టి జరుపసాగెను. మేము తలుపు గొళ్లెమునకు ఎనిమిది దారములు కట్టి వెంట వెంట నల్లితిమి. ప్రొద్దుపొడుపునకు సంగతి తేలెను. విప్పుట యనగా కడపట వేసినదానిని మొదట విప్పుట. 24వ దాటు సరిసంఖ్య; దానిని ఎఱ్ఱవారు వెలుపలినుండి దాటిరి. కావున వెనుదిరిగినప్పుడు మొదటి దాటు వెలుపలినుండియే పోవలెను. కాని తన చోట నిలిచి, కోలయెత్తి, పల్లవి వినిన మనిషి కాలు అట్లు పోదు. ఆట మొదట ఎట్లు కదలెనో అట్లే కదలును. ముగ్గురు ఎఱ్ఱవారును అలవాటు చొప్పున లోపలికి పోయిరి. నాలుగవ పిల్ల యొకతె వెలుపలికి వచ్చెను. ఆమె సరిగా పోయినందుననే ప్రతి దాటునందును ఎదుటివారిని గుద్దుకొనవలసి వచ్చెను. గుద్దుకొన్నందున తప్పు ఆమెదిగా కనబడెను.

అట్లయిన ఆ తీసివేసిన అడుగు? మావారు గింజలను 24వ దాటువఱకు జరిపి, చేయి ఆపి, ‘ఆ సాగదీత ఏదో వేసి చూడు’ అనిరి. వేసి చూచితిమి. 25వ దాటు బేసి. ఎఱ్ఱవారు లోపలినుండి పోవుదురు. వెనుదిరిగి దానినే విప్పవలెను గనుక మరల లోపలినుండియే వత్తురు. అలవాటునకు అడ్డులేదు; కాలు తా నెఱిగినట్లే కదలినది. తన చోటికి చేరినది. లోపలి తరువాత వెలుపల గదా. ఆ పైన 24వ పేట తానే విడిపోవును, 23వది విడిపోవును, తుదివఱకు అట్లే. వేసి వెంటనే విప్పుటవలన జడకు నిజముగా లాభము లేదు. లాభము కాళ్లకు. మేము పునరుక్తి యన్నది ఆ కోపునకు మలుపు కీలు.

జ్ఞాపకము చెప్పిన ఆమెను వెంటబెట్టుకొని ఆ ఆదివారమే ఆమె పుట్టినూరికి పోతిమి. నాటి ఆటకత్తెలలో ఒక్క అవ్వ మిగిలియున్నది. చూపు తగ్గినది, వినికిడి తగ్గలేదు. పాట పాడి వినిపింపుమనెను. మా శుభ్రమైన పాట పాడితిమి. చివరకు రాగానే చేయెత్తి ఆపి, ‘రామ రామ యాడమ్మా?’ అని అడిగెను. తీసివేసితిమని చెప్పుటకు మాకు నోరు రాలేదు. తోడు వచ్చిన ఆమెయే చెప్పెను. అవ్వ కోపపడలేదు, నవ్వెను. ‘యాల తీస్తిరి? సొంతింట్లో నిలబడి ఇప్పితే జడ ఇప్పుకోదు. పొరుగింటి గడప తొక్కి రావల్ల. మేం దాన్ని పొరుగింటి అడుగు అంటాంటిమి’ అని, తన పైటకొంగు దారములను వ్రేళ్లసందున దూర్చి, ఒకటి దాటించి, తిప్పి, చూపించెను. మేము రాత్రియంతయు గింజలతో తెలిసికొన్నది ఆమె వ్రేళ్లలో నుండెను. ఇది ఎవరు కూర్చిన కోపని అడిగితిమి. తన అత్త నేర్పినదనియు, అత్తకు ఎవరు నేర్పిరో తానడుగలేదనియు చెప్పెను.

మేమడుగదలచితిమి. ఇంటికి వచ్చి పుస్తకములు తిరుగవేసితిమి. కాకతీయ గణపతిదేవుని గజసేనాపతి జాయప 1253–54 ప్రాంతమున రచించిన నృత్తరత్నావళిలో, కోలలు తాకించుచు ఆడు దండరాసకము దేశినృత్తములలో నొకటిగా చెప్పబడినది. మన సీమవారే యగు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఆ గ్రంథమును తెనిగించిరి. హంపీలో మహర్నవమిదిబ్బ రాళ్లమీదను కోలలు పట్టిన స్త్రీలు కలరు. త్రాళ్లు నల్లు ఆట తమిళులలో పిన్నల్ కోలాట్టము; గుజరాతువారిలో గోఫ్. ఇంగ్లండులో మే మాసమున స్తంభమునకు రంగుపట్టీలు కట్టి పిల్లలచేత నల్లించి విప్పింతురు. ఇందఱిలో ఎవరు మొదలో తేల్చుట మా పని గాదు. మాయూరి పేరు మాత్రము ఆ కోపునుండి ఆనాడే కొట్టివేసితిమి. దారము, మనిషి, వలయము ఉన్నచోట విప్పు చిక్కు ఒక్కటే గనుక, ఈ యుపాయము పెక్కుచోట్ల పెక్కుమారులు ఎవరికో ఒక స్త్రీకి తోచియుండును. ఆమె దానిని వ్రాసిపెట్టలేదు. అర్థములేని రెండు మాటలుగా పాటకు కట్టిపెట్టినది. మావంటి చదువరులు వచ్చి ఆ మాటలు శుభ్రము చేయుదురని ఆమె ఎట్లు ఊహించును?

ఇక మిగిలినది కోడలుపిల్ల యిల్లు. అచ్చటికి పోవుట పొరుగూరికి పోవుటకంటె కష్టమైనది. అత్తగారు పీట వేసి, మజ్జిగ యిచ్చి, ‘అయివారమ్మ మా యింటికి వచ్చినాదా’ అని ఆశ్చర్యపడెను. మేము చిక్కుజడను విప్పకుండ సంచిలో తీసికొని పోయియుంటిమి. దానిని ఆమె యొడిలో పెట్టి, మూడు చుట్లును చూపి, నాలుగవచోట ఆకుపచ్చని అంచు చూపితిమి. ‘ఆ రాత్రి సరిగా పోయినది మీ కోడలొక్కతె. తప్పు దిద్దినవారిది, అనగా మాది. నలుగురిలో అన్నమాట గనుక నలుగురిలోనే చెప్పెదము, పిల్లను పంపుము తల్లీ’ అంటిమి. అత్తగారు జడను త్రిప్పి త్రిప్పి చూచినది. ఏమియు అనలేదు. లోపలివైపు తిరిగి, ‘ఏమే, పొయ్యి మీద నేను చూసుకుంటా, నువ్వు పో’ అని మాత్రము కేకవేసెను.

దారిలో ఆ పిల్ల నడిగితిమి, వెలుపలికి పోవలెనని నీకెట్లు తెలిసినదని. మగ్గముమీద పోగు తప్పుగా పడినప్పుడు ఊడదీయువారు కడపటి పోగునుండియే మొదలుపెట్టి, అది వచ్చిన దారినే తీయుదురట. చిన్ననాటినుండి నాయన ప్రక్కన కూర్చుండి చేసిన పనియట. ‘అయితే పొరుగింటి అడుగు అక్కఱలేకుండ, ఎఱ్ఱవారిని వెలుపలినుండి మొదలుపెట్టుమని నేర్పిన చాలదా?’ అని మరల మా దిద్దుబాటు బుద్ధి తల యెత్తెను. ఆమె కొంతదూరము నడచి, ‘నాకు గుర్తుంటాది. పండగనాడు డప్పుల్లో అందరికీ గుర్తుంటాదా? అవ్వ అడుగే మేలమ్మా’ అనెను. ఆనాటి రాత్రి వేపచెట్టు క్రింద అందఱి యెదుట చెప్పవలసినది చెప్పితిమి. గుద్దుకొన్న ఆమె కొంచెము ముక్కు విఱిచినది గాని, త్రాడు అందించినదియు నామెయే.

నవమినాడు ఫోనుపాట పెట్టలేదు. దానిలో రామ రామ లేదు గదా. నోటితోనే పాడిరి. వీధిలో బారుల కోపు ఆడి, గుడి ముందరి పందిట జడకోపు ఆడిరి. రెండవ చరణమున గాలికి ఒక పసుపుత్రాడు కోలకు చుట్టుకొనగా ఒక దాటు ఆలస్యమైనది. ఈల పట్టినామె నాలుగు దెబ్బలు ఆపి అందఱిని కలిపికొనెను. 25వ దాటునకు ఎనమండుగురును పొరుగువారి చోట్ల నిలిచిరి, వెనుదిరిగిరి, లోపల, వెలుపల, లోపల, వెలుపల. ఎనిమిది త్రాళ్లును కడియమునుండి తిన్నగా వ్రేలాడినవి. ఒంటిమిట్టకు ఈయేడు పోలేకపోయిరి. చీనీకాయలు కోతకు వచ్చినవి.

ప్రయత్నింపదలచిన సోదరీమణులు మొదట మనుషులతో కాక తలుపు గొళ్లెమునకు కట్టిన ఎనిమిది దారములతో మొదలుపెట్టుట మేలు. తప్పు దారములలో చక్కగా కనబడును, ఎవరిమీదను నింద పడదు. ఆట త్రాళ్లు కడియపు ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు. జడ దిగినకొలది వలయము చిన్నదై తలలు తగులును. మిగులు త్రాటిని ముంజేతికి చుట్టుకొని, క్రమముగా విడువవలెను. మీ ప్రాంతమున పొరుగింటి అడుగునకు వేఱొక పేరున్నచో, లేదా మీ యవ్వగారి పాటలో రామ రామ వంటి అర్థములేని సాగదీత యేదైన కలదేని, దిద్దక ఉన్నది ఉన్నట్లుగా వ్రాసి పంపుడు. చింతకాయ తొక్కు వచ్చే నెల.